బొమ్మకి కాళ్ళే అందం

పెళ్ళిచూపులకి వెళ్ళినవాళ్ళు ముందు ముఖం చూస్తారు. బొమ్మల కొట్టుకి వెళ్ళినవాళ్ళూ అంతే. ఏనుగైతే తొండం, దంతాలు, నుదుటి మీది రంగుల పట్టీ చూస్తారు. గుర్రమైతే జూలు చూస్తారు, జింకైతే కళ్ళు చూస్తారు. నేను మాత్రం బొమ్మ చేతికి రాగానే తలకిందులు చేసి కాళ్ళు చూస్తాను. కొట్టతను నాకేసి అదోలా చూస్తాడు. చూడనివ్వండి! బెండకాయలు కొనేటప్పుడు కొన విరిచి చూడమూ? కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించమూ? ఇదీ అంతే. జంతువు బొమ్మ నాణ్యమంతా దాని కాళ్ళలో ఉంటుంది.

ఎందుకంటారా? నిజం ఆవుని ఒక్కసారి తలుచుకోండి. గంగాళమంత పొట్టేసుకుని, నాలుగు సన్నటి కాళ్ళ మీద నిలబడి తాపీగా నెమరు వేస్తూ ఉంటుంది. భగవంతుడి దగ్గర ఎముకలున్నాయి, నరాలున్నాయి, కనుక చేయగలిగాడు. బొమ్మలు చేసేవాడి దగ్గర ఏమున్నాయి? కాస్త మట్టో, కర్రో, సీసమో, గుడ్డముక్కో. పొట్ట ఎవరైనా చేస్తారు. కాస్త చెయ్యి తిరిగినవాళ్ళు తల కూడా చేస్తారు. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి వస్తుంది ప్రాణసంకటం. ఉన్నవున్నట్టు సన్నగా చేస్తే విరుగుతాయి. విరక్కూడదని లావుగా చేస్తే జింక కాస్తా దూడపెయ్య అవుతుంది. ఈ ఇరకాటంలోంచి ఎవరు ఎలా బయటపడ్డారన్నదే జంతువుల బొమ్మల చరిత్ర అని నేనంటాను.

ఇరవై ఏళ్ళుగా జానెడు ఎత్తు దాటని జంతువుల బొమ్మల్ని పోగుచేస్తున్నాను. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో ఇదేమంత వింత కాదు. పళ్ళెంలో మట్టి పోసి, మెంతులో ఆవాలో చల్లి మొలిపించిన తోటలో నాలుగు జింకలు, రెండు పులులు లేకపోతే కొలువుకి కళే రాదు కదా! ఆ తోటలోకి కొన్నవే మొదట్లో నా దగ్గరున్నవి. తరవాత ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూడ్డం అలవాటైంది. ఈ గుర్రం నిలబడుతోంది, అది ఎందుకు పడిపోతోంది? ఈ ఆవు రంగు ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు, దానిది ఎందుకు పెచ్చులూడింది? ఈ ప్రశ్నల వెంట పడి పోతే ఎక్కడెక్కడికో వెళ్ళాను. డిగ్రీలో చదువుకున్న చరిత్రలో రాజులున్నారు, యుద్ధాలున్నాయి, సంధి షరతులున్నాయి. పిల్లలు ఏం పెట్టుకుని ఆడుకున్నారో, అవి ఎవరు చేసిచ్చారో మాత్రం లేదు.

అందరికన్నా ముందు దొరికింది మట్టి. సుమారు 4500 ఏళ్ళ కిందటి సింధులోయ పట్టణాల్లో మట్టి ఎద్దులు దొరికాయి. కొన్నిటికి తల విడిగా చేసి, మెడ దగ్గర దారంతో తగిలించేవారు. దారం లాగితే ఎద్దు బుద్ధిగా తల ఊపేది. అప్పట్లోనే గంగిరెద్దు అన్నమాట! ఇంక కొన్నిటికి కాళ్ళే లేవు, కాళ్ళుండాల్సిన చోట ఇరుసు దూర్చడానికి బెజ్జాలున్నాయి. కాల్చిన మట్టితో సన్నటి కాళ్ళు నిలవవని ఆ కుమ్మరికి తెలుసు. కాళ్ళు మానేసి చక్రాలు పెట్టాడు. బొమ్మ విరగలేదు సరికదా, పరిగెత్తింది కూడా. లోపాన్ని సొగసుగా మార్చుకోవడం అంటే ఇదే.

మట్టి తరవాత కర్ర. కర్ర బొమ్మల సంగతి చెప్పుకోవాలంటే మన ఊళ్ళతోపాటు జర్మనీ వెళ్ళక తప్పదు. సాక్సనీ ప్రాంతంలో ఎర్జ్‌గెబిర్గె అని కొండలున్నాయి. ఖనిజాల కొండలని ఆ మాటకి అర్థం. అక్కడి సైఫెన్ అనే ఊళ్ళో ఒకప్పుడు తగరం తవ్వుకుని బతికేవారు. గనులు వట్టిపోయాయి. చలి దేశం, రాతి నేల, పండేది అంతంత మాత్రం. చుట్టూ ఉన్నది అడవి ఒక్కటే. గనుల కోసం కట్టుకున్న నీటి చక్రాలకి తరిమెనలు, అంటే ఈనాటి మాటలో లేత్ మిషన్లు తగిలించుకుని గిన్నెలూ బొమ్మలూ తిప్పడం మొదలుపెట్టారు. 1800 ప్రాంతంలో వాళ్ళు కనిపెట్టిన ఉపాయం వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు.

స్ప్రూస్ చెట్టు మొద్దుని అడ్డంగా, పచ్చడి బండంత మందాన కోస్తారు. తడి ఆరకముందే దాన్ని తరిమెనకి బిగించి తిప్పుతూ ఉలితో గాడులు తీస్తారు. ముందు కిందివైపు, తరవాత తిరగేసి పైవైపు. అయ్యేసరికి అది గారెలాగా మధ్యలో చిల్లి ఉన్న చక్రం. పైకి చూస్తే ఏవో వంకరటింకర గాడులు తప్ప ఏమీ తెలియదు. దాన్ని కత్తితో కేకు ముక్కల్లా నిలువునా చీలిస్తే, ప్రతి ముక్క కోతలోనూ ఒక ఆవు! తల, వీపు, పొట్ట, కాళ్ళు అన్నీ వచ్చేసి ఉంటాయి. ఒక్కో చక్రంలోంచి యాభై అరవై జంతువులు వస్తాయి. ఆవు ఎలా వస్తోందో తిప్పేవాడికి కనపడదు. చీల్చాకే తెలుస్తుంది. కళ్ళు మూసుకుని ముగ్గు పెట్టి, తెరిచేసరికి చుక్కలన్నీ కలిసి ఉండటం లాంటిది ఆ పనితనం.

కాళ్ళ సంగతి చెప్పలేదు కదూ? మొద్దుని అడ్డంగా కోశారు కనుక చెట్టు ఈనె పైనుంచి కిందికి, అంటే జంతువు కాళ్ళ పొడవునా నడుస్తుంది. ఈనె వెంబడి ఉన్న పుల్లని విరవడం కష్టం, ఈనెకి అడ్డంగా ఉన్నదైతే పుటుక్కుమంటుంది. పొయ్యిలోకి చితుకులు విరిచిన మన అమ్మమ్మలకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే సైఫెన్ గొర్రె కాళ్ళు పుల్లల్లాగా ఉన్నా నిలబడ్డాయి.

చీల్చిన ముక్క ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. దాన్ని చెక్కి గుండ్రం చేయాలి, చెవులూ కొమ్ములూ తోకా అంటించాలి, రంగు వేయాలి. ఈ పనంతా ఇళ్ళలో జరిగేది. తల్లి, ముసలమ్మ, బడికెళ్ళాల్సిన పిల్లలు అందరూ దీపం చుట్టూ చేరి చేసేవారు. ఆ జంతువుల్ని నోవహు ఓడ అనే పెట్టెలో జతలు జతలుగా సర్ది ఇంగ్లండుకీ అమెరికాకీ పంపేవారు. బైబిలు కథ కనుక, ఆదివారం ఆటలు కూడదనే చాదస్తపు ఇళ్ళలో కూడా ఈ ఓడకి మాత్రం సెలవు దొరికేది. అక్కడి పిల్లలు ఆదివారం ఆడుకోవడానికి ఇక్కడి పిల్లలు వారమంతా ఆడుకోకుండా కూర్చున్నారు. ఆ బొమ్మలు అంత చౌకగా ఎలా దొరికేవో ఇంక వేరే చెప్పాలా?

ఇప్పుడు మన తరిమెన దగ్గరికి వద్దాం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్ర వాడతారు. కర్ర తిరుగుతూ ఉండగా దాని మీద రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రని అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో ఒత్తి తుడిస్తే అద్దంలా మెరుస్తుంది. కర్ణాటకలోని చన్నపట్నం బొమ్మలకీ ఇదే చెట్టు, ఇదే లక్క. రెండూ అక్కచెల్లెళ్ళన్నమాట.

అదే తరిమెన, అదే ఉలి, కానీ ఆలోచన చూడండి ఎంత వేరో! సైఫెన్ వాళ్ళు చక్రంలో జంతువు ఆకారాన్ని దాచిపెట్టారు. ఏటికొప్పాక వాళ్ళు జంతువునే గుండ్రంగా చూశారు. ఏనుగు పొట్ట ఒక గుండు, తల ఒక గుండు, కాళ్ళు నాలుగు స్తంభాలు. నిజం ఏనుగులా ఉందా అంటే లేదు. ఏనుగేనా అంటే, ముమ్మాటికీ ఏనుగే. పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా గుచ్చుకునే మూల ఒక్కటి కూడా ఉండదు. ఒకప్పుడు రసాయనాల రంగులు వచ్చిపడి పాత పద్ధతి మరుగునపడుతుంటే, పసుపు, నీలి, జాఫ్రా గింజల లాంటి వాటితో రంగులు తీసే విద్యని మళ్ళీ పట్టుబట్టి నిలబెట్టినవారు ఆ ఊరి సి.వి.రాజుగారు. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ వీధుల్లో మన శకటం మీద ఊరేగినవి ఏటికొప్పాక బొమ్మలే.

విజయవాడ పక్కన కొండపల్లి వారిది మూడో దారి. వాళ్ళకి తరిమెనతో పని లేదు. తెల్ల పొణికి అని చాలా తేలికైన, మెత్తటి కర్ర. దాన్ని ఆరబెట్టి, సన్నటి సెగ మీద కాచి తడి పోగొట్టి, ముక్కలు ముక్కలుగా చెక్కుతారు. ఒళ్ళు వేరు, తొండం వేరు, చెవులు వేరు, అంబారీ వేరు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. అతుకు కనపడకుండా ఆకురాయితో రాచి, సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. ఆ పని చేసే ఆర్యక్షత్రియుల కుటుంబాలు తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. నిర్మల్ బొమ్మలకీ ఇదే పొణికి కర్ర. వాళ్ళు జంతువులతోపాటు పళ్ళూ కూరగాయలూ కూడా చేస్తారు. ఆ వంకాయని చూసి కూరకి తరగబోయినవాళ్ళని నేనెరుగుదును.

పొణికి కర్ర మెత్తన కదా, సన్నటి కాళ్ళు నిలవవు. అందుకే కొండపల్లి వారికి అన్నిటికన్నా పేరు తెచ్చింది అంబారీ ఏనుగు అని నా అనుమానం. ఏనుగుకి కాళ్ళు లావుగా ఉండటమే న్యాయం కదా! ఏ కర్రకి ఏ జంతువు పొసగుతుందో వాళ్ళకి తెలుసు. పొణికితో జింకని చేయబోయి విరిగిందని ఏడ్చేవాడు కొత్తవాడు. పొణికితో ఏనుగుని చేసి ఊరంతా మెప్పించినవాడు పనివాడు.

మక్కు మాట వచ్చింది కనుక ఒక చుట్టరికం చెప్తాను. ఇది చదివినప్పుడు నాకు భలే సంతోషం కలిగింది. 1904లో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌లో హౌసర్ అన్నదమ్ములు ఒక బొమ్మల కంపెనీ పెట్టారు. ఎలాస్టోలిన్ అనే పేరుతో వాళ్ళు అమ్మిన సింహాలూ ఒంటెలూ దేనితో చేశారనుకున్నారు? రంపపు పొట్టు, జిగురు, తెల్ల సుద్దమట్టి! మన మక్కుకి మేనత్త కూతురన్నమాట. కాకపోతే మనవాళ్ళు అతకడానికి వాడినదాన్ని వాళ్ళు ఒళ్ళంతా చేయడానికి వాడారు. ముద్దలో కాళ్ళు నిలవవు కనుక లోపల ఇనప తీగ పెట్టారు. ఇంచుమించు అదే కాలంలో బ్రాండెన్‌బర్గ్‌లో లినియోల్ అనే మరో కంపెనీ వచ్చింది. అవిసె నూనె కలిపేవాళ్ళు కనుక ఆ పేరు. ఈ రెండు కంపెనీల్లో ఏది గొప్ప అనేది పాత బొమ్మలు పోగుచేసేవాళ్ళకి ఎన్నటికీ తెగని తగువు. పోతపని నాజూకుతనానికి లినియోల్‌ని మెచ్చుకునేవాళ్ళే ఎక్కువ.

ఇద్దరి బొమ్మలకీ చావు మాత్రం ఒకేలా వస్తుంది. చెమ్మ తగిలితే లోపలి తీగ తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి పైముద్దని పగలగొడుతుంది. మొదట బీట తీసేది కాళ్ళే. ఏ తీగ వాటిని నిలబెట్టిందో ఆ తీగే వాటిని పడగొడుతుంది. మా కోస్తా ఊళ్ళ వానాకాలంలో అలాంటి బొమ్మని కాపాడ్డమంటే అప్పడాలు మెత్తబడకుండా కాపాడ్డమంత పని.

లండన్‌లో బ్రిటన్స్ కంపెనీది సీసం దారి. అంతకుముందు బొమ్మ సిపాయిలంటే జర్మనీవే. 1893లో వీళ్ళు సీసాన్ని బోలుగా పోతపోసే పద్ధతి కనిపెట్టారు. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, గోడకి ఆనినంత మేర గడ్డకట్టగానే మిగిలింది బయటికి ఒంపేస్తారు. అట్టుకి పిండి తిప్పి, మిగిలింది గిన్నెలోకి ఒంపినట్టు! లోహం కలిసొచ్చింది, ధర దిగింది, జర్మనీ వాళ్ళ వ్యాపారం దెబ్బతింది.

1914లో నిజం యుద్ధమే వచ్చింది. నాలుగేళ్ళ తరవాత అది ముగిసేసరికి కొడుకుల్ని పోగొట్టుకున్న ఇళ్ళలో బొమ్మ సిపాయిల మీద మనసు విరిగిపోయింది. 1921లో బ్రిటన్స్ వారు పల్లెటూరి బొమ్మల వరస ఒకటి మొదలుపెట్టారు. ఆవులు, గొర్రెలు, పందులు, బండిగుర్రాలు, రైతు, రైతు భార్య, పాలు పితికే పిల్ల. నిన్నటిదాకా తుపాకీ పట్టిన సిపాయిని పోసిన చేతులే ఆవుదూడని పోశాయి. ఏ సంధిపత్రంలోనూ కనపడని శాంతి ఆ దూడలో నాకు కనపడుతుంది. చరిత్ర పుస్తకంలో ఒక పేజీ ఇవ్వవలసిన సంగతి కాదూ ఇది?

సీసపు ఆవు కాళ్ళు సన్నగా, అందంగా, నిజం ఆవు కాళ్ళలాగే ఉంటాయి. లోహానికి ఆ వెసులుబాటు ఉంది. కిందపడితే మాత్రం పుటుక్కుమంటాయి. ఊడిన తలని అగ్గిపుల్ల ముక్క గుచ్చి నిలబెట్టడం ఇంగ్లండు పిల్లలందరికీ తెలిసిన వైద్యం. అసలు రోగం వేరే ఉంది. సీసం విషం. దాని మీద వేసిన రంగులోనూ సీసమే. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువది! 1966తో బ్రిటన్స్ వారు సీసం పోతపని ఆపేశారు. అందంలో ఆ ఆవుకి నేను నూటికి తొంభై మార్కులు వేస్తాను, కానీ పసిపిల్ల చేతికి ఇవ్వను. ఆ ఆవులకి రంగులేసినవాళ్ళలో చాలామంది ఇంటికి పని తెచ్చుకుని, లెక్కకింతని కూలి తీసుకునే ఆడవాళ్ళు. వంట చేస్తూ, చంటిపిల్లల్ని చూసుకుంటూ, ఆ రంగు చేతుల్తోనే అన్నీ చేసుకున్న తల్లులు. వాళ్ళ ఆరోగ్యం మాట ఎవరూ రాసిపెట్టలేదు.

మన లోకంలో ఒక్క ఆడదానికైనా పేరు దక్కలేదా అంటే, దక్కింది. జర్మనీలోనే గీంగెన్ అనే ఊరు. మార్గరెట్ స్టైఫ్ 1847లో పుట్టింది. ఏడాదిన్నర పిల్లగా ఉండగా పోలియో వచ్చి కాళ్ళు రెండూ పోయాయి, కుడిచెయ్యి కూడా సరిగ్గా ఆడేది కాదు. అయినా కుట్టుపని నేర్చుకుంది. కుడిచేత్తో మిషను చక్రం తిప్పలేక, మిషనునే వెనక్కి తిప్పి పెట్టుకుని ఎడంచేత్తో తిప్పిందిట. 1879 డిసెంబరులో ఒక ఆడవాళ్ళ ఫ్యాషన్ పత్రికలో చిన్న ఏనుగు కత్తిరింపు నమూనా వచ్చింది. పత్రికల్లో కుట్టుపని నమూనాలు కత్తిరించి దాచుకునే మన ఆడవాళ్ళకి ఈ ముక్క ఎంత ఇష్టమో నాకు తెలుసు! దాన్ని చూసి 1880లో ఆవిడ ఉన్నిగుడ్డతో ఏనుగులు కుట్టింది. సూదులు గుచ్చుకోవడానికని కుట్టింది. తీసుకెళ్ళిన ఆడవాళ్ళు సూదులు గుచ్చలేదు, పిల్లల చేతికిచ్చారు. 1886 నాటికి 5000కి పైగా ఏనుగులు అమ్ముడుపోయాయి.

మళ్ళీ ఏనుగే చూశారా! గుడ్డకి లావుపాటి కాళ్ళే నిలుస్తాయి. కొండపల్లి కర్రకీ, గీంగెన్ గుడ్డకీ ఒకే జంతువు తోడొచ్చింది. బొమ్మలు చేసేవాళ్ళకి తొలి స్నేహితుడు వినాయకుడే అనుకుంటాను. నడవలేని ఆ మనిషి చేసిన ఏనుగు నాలుగు కాళ్ళ మీదా దిట్టంగా నిలబడింది. పేరు రాగానే దొంగ నకళ్ళు బయల్దేరాయి. అందుకని 1904 నుంచి ప్రతి బొమ్మ చెవికీ లోహపు బొత్తాం ఒకటి కుట్టసాగారు. చెవికి పోగు పెట్టి పేరు నిలబెట్టారు. మార్గరెట్ 1909లో పోయింది, బొత్తాం మాత్రం ఈనాటికీ ఉంది.

ఇప్పటి బజారులో రాజ్యం ప్లాస్టిక్‌ది. ప్లాస్టిక్ అనగానే ముక్కు విరవకండి. అన్నీ ఒకటి కావు. 1935లో జర్మనీలో పుట్టిన ష్లైక్, 1982లో అమెరికాలో వచ్చిన సఫారి, 1991లో ఫ్రాన్సులో వచ్చిన పాపో బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు తెలుస్తాయి. ఒకరి గుర్రానికి కండలు పలుకుతాయి, ఒకరి తోడేలుకి వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, ఒకరిది ఏ జాతి తాబేలో డిప్ప చూసి చెప్పొచ్చు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తని మన సామెత. బొమ్మల పెట్టెలో మాత్రం ఏనుగూ కుందేలూ ఒకే ఎత్తుండటం కద్దు! జంతువుల మధ్య పొంతన ఎంతవరకు పాటించారన్నది కూడా నాణ్యం కిందే లెక్క.

ప్లాస్టిక్‌తో సన్నటి కాళ్ళ సమస్య తీరిందనుకుంటాం. పూర్తిగా తీరలేదు. మెత్తటి రకమైతే ఎండ వేడికి కాళ్ళు వంగి, జిరాఫీ పక్కనున్న గోడ మీద వాలిపోతుంది. దానికి మందు వంటింట్లోనే ఉంది. వేడినీళ్ళలో కాసేపు ముంచి, కాళ్ళు సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పెడితే నిఠారుగా నిలబడుతుంది. పెద్దవాళ్ళు చేయవలసిన పని సుమా, పిల్లలు కాదు.

ఇంకొకటి చెప్పాలి. ఈ ప్లాస్టిక్ జంతువుల పోత యంత్రాల మీద జరిగినా, మంచి రకాల మీద రంగు ఇప్పటికీ మనుషులే వేస్తారు. కంపెనీ పేరు యూరపుది, తయారీ చాలావరకు చైనా లాంటి దేశాలది. పొట్ట కిందో పాదం మీదో కంపెనీ పేరు, దేశం పేరు అచ్చై ఉంటాయి. పులి కంట్లో ఆ తెల్లచుక్క పెట్టిన మనిషి పేరు ఎక్కడా ఉండదు.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. మంచి పనే. ప్రభుత్వం దగ్గర నమోదైన చేతిపనివారికీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. అదీ మంచిదే, తరిమెన తిప్పుకునే మనిషి పరీక్షల ఖర్చు ఎక్కడ భరిస్తాడు? అలాగని కొనేవాళ్ళం కళ్ళు మూసుకోకూడదు. గుర్తు లేనిచోట మన కళ్ళే గుర్తు. ఏం చూడాలంటారా? బొమ్మని గాజు పలక మీద పెట్టి వేలితో మెల్లిగా తట్టండి. ఊగి మళ్ళీ నిలబడితే మంచిది. తడిగుడ్డతో తుడవండి, రంగు గుడ్డకి అంటకూడదు. వాసన చూడండి, ఘాటుగా కొడితే పక్కన పెట్టండి. అతుకుల్ని గోటితో తడమండి. చివరికి కళ్ళు చూడండి. రెండు కళ్ళూ ఒకే వైపు చూస్తున్నాయా? మెల్లకన్ను ఉన్నా ఫరవాలేదు, ప్రాణం ఉండాలి.

ఆ ప్రాణం పెట్టేది ఎవరో కొండపల్లిలో ఒకసారి చూశాను. అరుగు మీద ఒక నడివయసు ఆవిడ, ముందు వరసగా ఇరవై ఏనుగులు. అప్పటికి అవి రంగు వేసిన కర్రలే. సన్నటి కుంచెతో ఒక్కో ఏనుగుకీ రెండేసి చుక్కలు పెట్టుకుంటూ పోతోంది. చుక్క పడగానే అది నా కేసి చూస్తోంది! ఆవిడ మాత్రం పైకి చూడకుండా, "కన్ను చివర్నే పెడతామండీ, ముందు పెడితే పని చెడిపోతే మనసొప్పదు" అంది. రోజుకెంత గిట్టుతుందని అడిగితే నవ్వి ఊరుకుంది. పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా అంటే, ఒకడు విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాడని చెప్పింది. ఆ గొంతులో సంతోషమే ఉంది. ఏ తల్లికి ఉండదు?

పొణికి చెట్టు అడవిలో తగ్గిపోతోంది. చెయ్యి తిరిగిన మనుషులు అంతకన్నా వేగంగా తగ్గిపోతున్నారు. సైఫెన్‌లో కూడా ఇవాళ చక్రంలోంచి జంతువుల్ని తీయగలిగినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాకపోతే అక్కడ వాళ్ళకోసం ఒక మ్యూజియం ఉంది, ఆ చక్రాన్ని చీల్చడం చూడ్డానికి యాత్రికులు వస్తారు. మనమేమో వెయ్యి రూపాయల ప్లాస్టిక్ పులికి కిక్కురుమనకుండా బిల్లు కట్టి, మూడొందల కర్ర ఏనుగు దగ్గర అరగంట బేరమాడతాం. కంపెనీ బొమ్మకి ధర చీటీ ఉంది, ఆవిడకి లేదు. తేడా అంతే.

నాణ్యం అంటే కాళ్ళని మొదలుపెట్టాను. కాళ్ళ దగ్గరే ఆగితే సగమే చెప్పినట్టు. ఇన్ని బొమ్మల్ని తలకిందులు చేసి చూశాక నాకు అర్థమైన రెండో సగం ఇది: ఏ బొమ్మ చౌకగా వచ్చినా ఆ మిగులు ఎవరో ఒకరి దగ్గర తరుగుతుంది. సైఫెన్ పిల్లల చదువులోనో, లండన్ తల్లుల ఒంట్లోనో, కొండపల్లి ఆవిడ నవ్వులోనో. స్టైఫ్ బొమ్మకి చెవిలో బొత్తాం ఉన్నట్టు మన బొమ్మలకి ఏ గుర్తూ లేదు. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ అని ఊరి పేరు చెప్తాం, మనిషి పేరు చెప్పం.

అందుకని ఈ మధ్య ఒక అలవాటు చేసుకున్నాను. బొమ్మ కొన్నప్పుడు చేసినవారి పేరు, రంగు వేసినవారి పేరు అడిగి, చిన్న కాయితం మీద రాసి, సంవత్సరం వేసి, బొమ్మ పొట్ట కింద అంటిస్తున్నాను. పేరు అడిగితే మొదట తెల్లబోతారు, తరవాత ఇంటిపేరుతో సహా చెప్తారు. అలా అడిగినచోట బేరమాడ్డానికి నాకు నోరు రాలేదు. వచ్చే సంక్రాంతికి మీరూ కొలువు పెడతారు కదా. పేరంటానికి వచ్చినవాళ్ళు "ఈ ఏనుగు ఎంత బావుందండీ, ఎక్కడ కొన్నారు?" అంటే ఊరి పేరుతో ఆపకండి. బొమ్మని తిరగేసి చూపించండి.